అమ్మోనియా బల్లపరుపుగా ఎందుకుండదు

మా అత్తవారింట్లో వంటింటి నుంచి వీధి అరుగు మీదికి తిన్నగా నడిచే మనిషి లేడు. దారికి అడ్డేమీ లేదు. మధ్యగది దాదాపు ఖాళీగానే ఉండేది. అయినా అందరూ వంటింటి గడప దాటగానే కుడికి ఒరిగి, గోడవారగా వెళ్ళి, మళ్ళీ ఎడమకి తిరిగి వీధి గుమ్మం చేరేవారు. గచ్చు నేల మీద ఆ వంపు వెంబడే నునుపు తేలింది. కొత్త కోడలిగా నేను నీళ్ళబిందె చంకన పెట్టుకుని తిన్నగా నడవబోతే మా అత్త కేకేసింది.

"అటేపు కాదే గుంటా! పెద్దది ఉన్నాది, సూసుకుని నడు."

పెద్దది అంటే మా ఆయన మొదటి భార్య. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆమె జ్వరంతో పోయి రెండేళ్ళు దాటింది. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆమెని ఇంటి పేరంటాలుగా నిలుపుకున్నారు. ఈశాన్యం మూల ఒక పీట, పీట మీద పసుపు రాసిన ఇత్తడి చెంబు, దాని పక్కన మడత విప్పని చీర. మూల చాలా దూరంలో ఉంది, నడిచేవాళ్ళ కొంగు కూడా తగలదు. అయినా గదిలో సగం ఆమెదే.

అది అరవయ్యో దశకం చివరి మాట. మాది నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. పీయూసీ ఫస్టు క్లాసులో పాసయ్యాక, ఇంకా చదువుతానని మా నాన్న ముందు మొండికేసి కూర్చున్నాను. వచ్చిన సంబంధాలన్నీ చదువు మాట ఎత్తగానే కాఫీ తాగేసి లేచిపోయేవి. ఒక్క ఈయనే, విజయనగరంలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఈయనే, "బీయస్సీ చదువుకోనిస్తాను" అన్నారు. రెండో పెళ్ళని మా అమ్మ ముక్కు చీదింది. నాకు మాత్రం ఆ ఒక్క మాట చాలింది. ఆ మాట కోసమే మెడ వంచాను, ఈ సంగతి దాచను.

మెడ వంచాక పుస్తెలతోపాటు ఇంకోటి కూడా పడింది. మొదటి భార్య పోతే, రెండో భార్య మెడలో ఆమె పేరు మీద చిన్న వెండి బిళ్ళ కడతారు. కట్టకపోతే పోయినామెకి కోపం వస్తుందంటారు. బంగారు పుస్తెల పక్కన ఆ వెండి బిళ్ళ చల్లగా తగులుతూ ఉండేది. స్నానం చేస్తున్నా, పడుకున్నా, అన్నం తింటున్నా అదీ నాతోనే. కొత్త చీర కొంటే ముందు ఆమె పీట మీద పెట్టాలి. ఒక పూటంతా ఆమె కట్టుకున్నాక నేను కట్టుకోవాలి. పెళ్ళిచీర మొదలు నేను కట్టినవన్నీ ఒకసారి విడిచినవే.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుందును. దీన్నేం చెయ్యను? పైగా మా అత్తకి ఆమె సొంత అన్న కూతురు. మా ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన మరదలు. వాళ్ళ ఊరు ఆమదాలవలస దగ్గర. ఇద్దరూ ఒకే గట్ల మీద పరుగెత్తి పెరిగినవాళ్ళు. నేను మధ్యలో వచ్చినదాన్ని. పరాయిదానితో మాట్లాడినట్టే ఆయన నాతో మర్యాదగా మాట్లాడేవారు, పుస్తకంలో ఉన్న తెలుగులో.

అటక మీద ఒక బిస్కట్ల రేకు డబ్బా ఉండేది. దాన్ని ఎవరూ దించేవారు కాదు. ఒకరోజు దులుపుతూ నేనే దించాను. లోపల మట్టి ఉండలు, కొబ్బరి ఈనెలు గుచ్చి. ఉండలు పొయ్యిలో కాల్చి, కొన్నింటికి కుంకుమ, కొన్నింటికి సున్నం, కొన్నింటికి బట్టలకి పెట్టే నీలిమందు పూశారు. చూడగానే తెలిసింది, అవి అణువులు. ఎరుపు ఆక్సిజన్, తెలుపు హైడ్రోజన్, నీలం నైట్రోజన్.

"అది సేసినాది," అంది మా అత్త. నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచింది. "సదువు నేదు దానికి. ఈడు కాలేజీ నుంచి రాగానే అడిగీది, ఏటి సెప్పినావు బావా, ఏటి సెప్పినావు బావా అని. ఈడు నవ్వీవోడు. మట్టితో సేసి సూపించీది."

డబ్బాలో ఒకటి మాత్రం తప్పు చేసింది. నీలం ఉండ మధ్యన, దాని చుట్టూ మూడు తెల్ల ఉండలు, అన్నీ ఒకే మట్టాన. నేల మీద పెడితే ముగ్గులా పరుచుకుంది. ముగ్గు పెట్టే చేతికి అలాగే తోస్తుంది మరి. అమ్మోనియా అలా ఉండదు. నైట్రోజన్ పైకి లేచి ఉంటుంది, మూడు హైడ్రోజన్లూ కిందికి దిగి ఉంటాయి, ముక్కాలి పీటలాగ.

"ఇది తప్పంట కదా. ఈడు సెప్పినాడు, ఇలాగుండదే అని. ఎందుకుండదు బావా అన్నాది. ఉండదంతే అనీసినాడు." మా అత్త దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టింది. "ఆ తరవాత బేగే మంచం పట్టీసింది."

ఆ వేసవిలో లెక్చరర్లకి ఎక్కడో శిక్షణ పెడితే మా ఆయన వెళ్ళొచ్చారు. నేను బీయస్సీలో చేరింది ఆయన కాలేజీలోనే, వచ్చాక మా క్లాసులో ఒక కొత్త పాఠం మొదలుపెట్టారు. మా పాఠ్యపుస్తకంలో లేదది. క్లాసులో ఆయన నాకు సార్. ఆడపిల్లలం ముందు బెంచీలో కూర్చునేవాళ్ళం. ఆయన లోపలికి రాగానే పక్కపిల్లలు నా జబ్బ మీద గిల్లేవారు, "మీ సారొచ్చారే" అని.

ఆ పాఠం ఇది. అణువుని కళ్ళతో చూడలేం. కానీ దాని ఆకారం ఎలా ఉంటుందో కాగితం మీద ముందే చెప్పెయ్యొచ్చు. మధ్యనున్న పరమాణువు చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్ జతలున్నాయో లెక్కపెట్టాలి. జతలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, వీలైనంత దూరం జరుగుతాయి. బొగ్గుపులుసు వాయువులో కార్బన్‌కి చెరో పక్క ఒక ఆక్సిజన్. ఎదురెదురుగా నిలబడి సమానంగా లాగుతాయి. లాగుడుకి లాగుడు సరిపోతుంది. అందుకని ఆ అణువుకి ధ్రువత లేదు, ఎటూ మొగ్గదు.

నాకు నవ్వొచ్చింది. అటు వాళ్ళమ్మ, ఇటు నేను, మధ్యన ఈయన. ఎవరెంత లాగినా ఎటూ మొగ్గరు. మా ఇంటి ఆకారం కనిపెట్టేశానని బెంచీలో కూర్చుని మురిసిపోయాను.

మర్నాడు నీళ్ళ దగ్గరికొచ్చారు. నీళ్ళలో కూడా మధ్యన ఒకటి, చెరో పక్కా ఒకటి. కాబట్టి తిన్నగా ఉండాలని మేమందరం గీశాం. ఆయన అడ్డంగా తల ఊపారు. "మీరు కనిపించేవే లెక్కపెట్టారు. ఆక్సిజన్ దగ్గర ఎవరికీ చెయ్యివ్వని జతలు ఇంకా రెండున్నాయి. అవి కనిపించవు. అణువు ఆకారం చెప్పేటప్పుడు వాటి పేరు కూడా ఎత్తరు. కానీ మిగతావాటికన్నా గట్టిగా తోసేది అవే. అందుకే నీరు వంగి ఉంటుంది. వంగింది కాబట్టే ఒక కొస ధనం, ఒక కొస రుణం అయింది. తిన్నగా ఉంటే మీ చారులో ఉప్పు కరగదు."

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం గచ్చు మీద నునుపుదేలిన ఆ వంపు కళ్ళముందు కనబడింది. నేనూ కనిపించేవాళ్ళనే లెక్కపెట్టాను. ఆ సాయంత్రం బిందె పట్టుకుని వంటింట్లోంచి వస్తూ చూసుకుంటే, నా కాళ్ళు కూడా ఎవరూ చెప్పకుండానే కుడికి ఒరిగాయి.

వానలు ముదిరేసరికి ప్రాక్టికల్సులో లవణాల పరీక్షలు మొదలయ్యాయి. వాటికి హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. కిటికీలు మూసి ఉన్న గదిలో ఆ గ్యాసు పట్టించుకుంటూ నిలబడేవాళ్ళం. ఒకరోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా అత్త నా మెడకేసి చూసి చెంబు జారవిడిచింది.

"ఏటే ఇది? నల్లబడిపోనాదేటి?"

వెండి బిళ్ళ మసిబొగ్గులా ఉంది. నేను తేలిగ్గా నవ్వేశాను. "గ్యాసు అత్తా. ఆ గ్యాసు తగిలితే వెండి నల్లబడిపోద్ది."

"మరి పుస్తెలు నల్లబడలేదేం? రెండూ ఒక మెడలోవే కదే. పుస్తెలకేటీ అవలేదు, దాని బిళ్ళొక్కటే నల్లబడినాది. ఇది గ్యాసు పని కాదు. పెద్దదానికి కోపం వచ్చినాది."

బంగారానికి అంటదు, వెండికే అంటుతుందని గొంతు చించుకుని చెప్పాను. నా కాలి మెట్టెలు చూపించాను, అవీ కాస్త నల్లబడ్డాయని. అవి మట్టికి నల్లబడ్డాయంది. మా అత్త మూర్ఖురాలేమీ కాదు. కళ్ళతో చూసినదాన్నే పట్టుకుని తీరుగా లెక్క కట్టింది. ఆ లెక్క ఎటు తిప్పినా నా కాలేజీ దగ్గరికే వచ్చి ఆగింది.

"రేపటి నుంచి మానీ. మగోళ్ళలో కూకుని ఆ కంపు పీలుస్తన్నావు, దానికి నచ్చలేదు. సదువు కట్టిపెట్టు."

నేను ఆయనకేసి తిరిగాను. అక్కడే, గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇంత కెమిస్ట్రీ చదివిన మనిషి, అదే గ్యాసు గదిలో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి, ఒక్క మాట అంటే చాలు. "సిల్వర్ సల్ఫైడ్ అమ్మా, ఏమీ లేదు" అంటే మా అత్త ఊరుకునేది. కొడుకు మాట మీద ఆమెకి అంత గురి. ఆయన ఆ బిళ్ళనే చూస్తున్నారు. మొహం పాలిపోయింది.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మా అత్త నమ్ముతున్నందుకు కాదు. ఆయన నమ్ముతున్నందుకు.

రెండ్రోజులు తిండి మానేశాను. గిన్నెలు విసిరాను. మా నాన్నకి కబురు పెడతానన్నాను. ఈ చదువు ఆగిపోతే ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆగిపోయినట్టే. మంచం ఆమెది, మనిషి ఆమెవాడు, చీరలు ఆమె విడిచినవి. నాది అనుకున్నది ముందు బెంచీలో ఆ జానెడు చోటు ఒక్కటే. మూడో రోజు పొద్దున్న ఆయన నెమ్మదిగా వాళ్ళమ్మతో అన్నారు, "కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ బిళ్ళ ఇంట్లో విప్పి వెళ్ళనీ అమ్మా. దాన్ని అక్కడికి తిప్పడం ఎందుకు? పీట దగ్గరే ఉంటుంది."

మా అత్త బిళ్ళకేసీ పీటకేసీ చూసింది. "సరే, సూద్దాం. ఇంట్లో ఎవులికి తలనొప్పొచ్చినా సదువు కట్టే మరి."

ఆయన నా వైపు మాట్లాడారని ఎంత పొంగిపోయానో! ఆ రాత్రి ఆయనకి ఇష్టమని పెసరట్లు పోశాను. ఆ రోజు నుంచీ బిళ్ళ విప్పి పీట మీద పెట్టి వెళ్ళేదాన్ని. మెడ తేలికగా ఉండేది.

మా అత్త ధాన్యం సంగతి చూసుకోడానికి ఆమదాలవలస రైలెక్కిన రోజు, ల్యాబులో గ్యాసు రావడం లేదని మా ప్రాక్టికల్సు ఎత్తేశారు. మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన చెప్పులు బయటే ఉన్నాయి. ఆయనకి ఆ వేళ క్లాసులుండవు. తలుపు తొయ్యబోయి, లోపల మాటలు వినబడి ఆగిపోయాను.

"అడిగినావు గదే, ఎందుకుండదు బావా అని. నాకప్పుడు తెల్దు. తెల్దని సెప్పడానికి సిగ్గేసి ఉండదంతే అనీసినాను. ఇప్పుడు నేర్సుకున్నాను, ఇను."

ఆయన గొంతే. కానీ ఆ మాట నేనెప్పుడూ వినలేదు. తలుపు సందులోంచి చూశాను. పీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రేకు డబ్బా పక్కన తెరిచి ఉంది. అరచేతిలో ఆ తప్పు అమ్మోనియా.

"ఇదిగో, మూడు తెల్లవీ నువ్వు సరిగానే పెట్టినావు. నీ తప్పు నేదు. ఇక్కడ నెత్తి మీద ఇంకో జతుంది. అది అవుపడదు. అవుపడదు గానీ పైనుంచి తోస్తది. అది తోస్తే ఈ మూడూ కిందకి ఒంగిపోతాయి. అదొక్కటీ నేకపోతే నువ్వు సేసినట్టే ఉండును, అచ్చం ముగ్గులాగ. అర్దమయిందా?"

తర్వాత నిశ్శబ్దం. ఎవరైనా ఆలోచించి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆయన తల కొంచెం పక్కకి వాల్చి వింటున్నారు.

"ఆఁ, అదే," అన్నారు చివరికి, నవ్వుతూ. "అదేనే."

పెరట్లో నూతి గట్టు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మొదట ఒళ్ళు మండింది. బిళ్ళ ఇంట్లో ఉంచమని ఎందుకన్నారో అర్థమైంది. నా చదువు కోసం కాదు. తర్వాత ఏడుపొచ్చింది. నాతో ఒక్కనాడూ అలా మాట్లాడలేదే అని. ఆ తర్వాత వచ్చిందే అన్నిటికన్నా పాడుది. ఆమె ఏం జవాబు చెప్పిందో నాకు తెలుసుకోవాలనిపించింది. నిజంగానే చెప్పిందని నమ్మాను. నేను, సిల్వర్ సల్ఫైడ్ అని గొంతు చించుకున్నదాన్ని.

వారం తిరక్కుండా మా అత్తకి జలుబు చేసి తలనొప్పి వచ్చింది. తలకి గుడ్డ కట్టుకుని వచ్చి నా పుస్తకాలు తీసి అటక మీద పెట్టబోయింది. ఏ పూటకైనా ఆ మాట వస్తుందని తెలుసు కనక నేను సిద్ధంగానే ఉన్నాను. పీట దగ్గరికి తిన్నగా నడిచాను, వంపు తిరక్కుండా. నల్లబడిన బిళ్ళ తీసి మా అత్త చేతిలో పెట్టాను.

"కట్టత్తా. నా మెడలో కట్టు. దానికి కోపం వచ్చింది, నిజమే. కానీ నాను సదువుకుంటన్నందుక్కాదు. నన్ను పంపించి దాన్ని ఇంట్లో కూకోబెట్టినారు, అందుకు. అదీ వస్తానంటన్నాది. దానికీ సదువుకోవాలనుండీది కదా?"

మా అత్త బిళ్ళని చూస్తూ నిలబడిపోయింది. కళ్ళు నిండాయి. "ఉండీది," అంది. "అడిగీదే. అడిగీది పాపం." పసుపు తాడు తెచ్చి తన చేత్తోనే నా మెడలో ముడి వేసింది. వేస్తూ నా వీపు నిమిరింది. ఆ నిమరడం నాకో ఆమెకో నేనడగలేదు.

చదువు నిలబెట్టుకోడానికే ఆ మాటన్నానా, లేకపోతే మధ్యాహ్నాలు ఆయనకి ఆమె ఒంటరిగా దొరక్కుండా చెయ్యాలనా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. రెండూ లాగాయి, అంతే. బీయస్సీ పాసయ్యాను. ఆడపిల్లలకి కెమిస్ట్రీ చెబుతూ తల నెరిపించుకున్నాను. మా అత్త పోయింది, ఆయనా పోయారు. ఆ బిళ్ళ ఇంకా నా దగ్గరే ఉంది. చింతపండు పెట్టి తోమితే తెల్లబడుతుంది, నాకు తెలుసు. తోమలేదు. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటున్న ఈ ఇంట్లో పీటా లేదు, మూలా లేదు. అయినా మంచినీళ్ళకి లేస్తే వంకరగానే నడుస్తాను.

మా అత్త ముడి వేసిన మర్నాడు క్లాసులో ఆయన బోర్డు మీద అమ్మోనియా గీస్తూ వెనక్కి తిరిగారు. నేను బిళ్ళ చీర మీదికి వేసుకున్నాను. ఆయన చూశారు. సుద్దముక్క చేతిలోనే ఆగిపోయింది. తర్వాత, ఏం తోచిందో ఏమో, చెప్పిన పాఠమే మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. బోర్డుకేసి తిరగలేదు. నా మొహంకేసీ చూడలేదు. చూపు నా మెడ దగ్గరే నిలిపి, మెల్లగా, అవే మాటలు. మూడూ సరిగానే ఉన్నాయి. పైన ఇంకో జతుంది. అది కనపడదు. మధ్యలో "అవుపడదు" అని దొర్లింది. వెనక బెంచీల్లో మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన వినిపించుకోలేదు.

"అర్థమయిందా?" అన్నారు.

అని ఊరుకున్నారు. తల కొంచెం పక్కకి వాల్చారు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. తలుపు సందులోంచి విన్నదే. బిళ్ళని గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడ్డాను.

"అర్థమయింది," అన్నాను.

ఆయన కళ్ళెత్తి నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత చేత్తో కూర్చోమన్నట్టు సైగ చేశారు.

ముందు బెంచీలో ఆ జానెడు చోటులోనే, ఆమే నేనూ, ఇద్దరం కూర్చున్నాం.